మాటు ఎక్కడ వేయాలి? తెలియని అడవిలో జింక వేట గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ఆరేళ్లుగా పిట్స్‌బర్గ్ శివార్లలో ఉంటున్నాను. మా ఆఫీసులోని ఒక పెద్దాయన రెండేళ్లు నన్ను తనతో పాటు జింక వేటకు తీసుకువెళ్లారు. ఆయన చూపించిన చెట్టు కింద, ఆయన చెప్పినంతసేపు కూర్చున్నానే తప్ప, ఆ చెట్టునే ఎందుకు ఎంచుకున్నారో ఎన్నడూ అడగలేదు. ఆయన ఉద్యోగ విరమణ చేసి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు. ఈసారి నేను ఒక్కడినే, ఇంతవరకు అడుగుపెట్టని, వేటకోసం రాష్ట్రం నిర్వహించే పబ్లిక్ అడవి అయిన ఒక స్టేట్ గేమ్ ల్యాండ్స్‌కు వెళ్లాలనుకుంటున్నాను. మ్యాపులో చూస్తే దాదాపు అయిదు వేల ఎకరాల అడవి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ కూర్చోవాలి?

జవాబు: అయిదు వేల ఎకరాలు అన్న అంకె మిమ్మల్ని బెదిరించనక్కరలేదు. అందులో ఎక్కువ భాగాన్ని మీరు ఇంట్లో బల్ల ముందు కూర్చునే పక్కన పెట్టేయవచ్చు. పెన్సిల్వేనియాలో మనం వేటాడే తెల్లతోక జింక ఏడాదిలో చాలా భాగం సుమారు ఒక చదరపు మైలులో, అంటే 640 ఎకరాలలో, గడిపేస్తుంది. మన ఆవులాగా, మేకలాగా అది కూడా నెమరువేసే జంతువే కనుక దొరికినదాన్ని గబగబా మేసి, ఆ తరువాత ఎవరి కంటా పడని చోట పడుకుని తీరికగా నెమరువేసుకుంటుంది. మేతకూ పడకకూ మధ్య తెల్లవారుజామున ఒకసారి, మునిమాపున ఒకసారి జరిగే ఈ రాకపోకలలోనే మీకు అవకాశం ఉంది. పడక చోటికే వెళ్లి కూర్చుంటే జింక ఆ చోటు విడిచిపోతుంది. మేత చోటునే నమ్ముకుంటే అది చీకటి పడ్డాకే రావచ్చు. కాబట్టి మీరు వెతకవలసినది ఆ రెండింటి నడుమ నేల స్వభావం వల్ల దారి ఇరుకయ్యే చోటును.

ఆ చోటును మొదట చూపించేది సమోన్నత రేఖలున్న, అంటే ఒకే ఎత్తులోని చోట్లను కలిపే గీతలున్న మ్యాపు. అమెరికా జియలాజికల్ సర్వే వారి 1:24,000 కొలత మ్యాపులో ఒక అంగుళం రెండు వేల అడుగులకు సమానం. ఫోన్లోని వేట యాప్‌లలో కూడా ఇవే రేఖలు కనిపిస్తాయి కానీ, నేను ఇప్పటికీ కాగితం మీద అచ్చు వేసుకుని పెన్సిలుతో గీసుకుంటాను, ఎందుకంటే అరచేయంత తెరమీద కొండ మొత్తం ఒక్కచూపులో కనబడదు. రేఖలు దగ్గర దగ్గరగా ఉన్నచోట వాలు నిట్టనిలువుగా ఉంటుంది, దూరంగా జరిగినచోట నేల చదునుగా ఉంటుంది. పొడవాటి కొండ వెన్ను మధ్యలో కాస్త కిందికి దిగి మళ్లీ లేచిందంటే అది కనుమ. ఒక లోయనుండి పక్క లోయకు దాటే జింక ఎత్తు ఎక్కే శ్రమ తగ్గించుకోవడానికి అక్కడే దాటుతుంది. నిట్టనిలువు వాలు నడుమ ఇంటి ముందరి అరుగులాగా సన్నగా సాగే చదును నేల ఉంటే జింక దానివెంటే నడుస్తుంది. వాగు వంక ఒకవైపు, నిలువు గట్టు మరోవైపు వచ్చి మధ్యలో యాభై గజాల నేల మాత్రమే మిగిలినచోటు మరొకటి. ఇలాంటివి పది పన్నెండు గుర్తు పెట్టుకుంటే మీ అయిదు వేల ఎకరాలు పది పన్నెండు చుక్కలుగా కుదించుకుపోతాయి.

తరువాత అదే మ్యాపుమీద కార్లు నిలిపే చోట్లను, రోడ్లను గుర్తించి, వాటి చుట్టూ అరమైలు మేర గీత గీయండి. పబ్లిక్ భూములకు వచ్చే వేటగాళ్లలో చాలామంది ఆ గీత లోపలే ఆగిపోతారు. అయితే దూరం వెళ్లినంత మాత్రాన జింక దొరుకుతుందన్న మాటను నేను పూర్తిగా నమ్మను. చదునైన బాటమీద రెండు మైళ్లు నడిచే ఓపిక ఉన్నవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు కానీ, మోకాలి లోతు వాగును చలిలో దాటేవాళ్లు తక్కువ. కార్లు నిలిపే చోటికి రెండు వందల గజాలలోనే ఉండి, అందరూ దాటుకుని వెళ్లిపోయే పొదల గుబురులో జింకలు రోజంతా పడుకుని ఉండటం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. జింకకు దూరంతో పని లేదు, మనిషి రానిచోటు కావాలి.

ఇక నేలమీదికి వెళ్లడం గురించి. చాలామంది వేట మొదలయ్యే ముందు వారం వెళ్లి అడవంతా కలియదిరుగుతారు. అది జింకలను ముందుగా హెచ్చరించి రావడమే అవుతుంది. తెలియని అడవిని చదవడానికి సరైన కాలం వేట ముగిశాక వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలలు. ఆకులు రాలి ఉంటాయి కనుక చూపు దూరం పోతుంది, పోయిన ఎదకాలంలో మగజింకలు కొమ్ములు రాసిన చెట్ల గాట్లు అలాగే ఉంటాయి, మంచుమీద నడక దారులు గీత గీసినట్టు కనిపిస్తాయి, మీరు పడకల మధ్యకు నడిచి వాటిని లేపినా తొమ్మిది నెలల తరువాతి వేటకు నష్టం ఉండదు. లేత చెట్ల కాండంమీద బెరడు ఒలిచిన ఆ గాట్లు వరుసగా కనిపిస్తే గాటు ఏ వైపున ఉందో చూడండి. సాధారణంగా జింక ఏ దిక్కునుండి వచ్చిందో ఆ దిక్కుకే అది ఉంటుంది. అలా నాలుగైదు చెట్లు చూస్తే ఆ దారి ఉదయానిదో సాయంత్రానిదో ఊహించవచ్చు.

మేత గుర్తులు ఇంకా ఆసక్తికరంగా ఉంటాయి. జింకకు పైదవడ ముందుభాగంలో పళ్లు ఉండవు కనుక అది కొమ్మను కొరకదు, పట్టి తెంపుతుంది. తెగిన కొన పీచులు పీచులుగా ఉంటుంది. కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటే అది కుందేలు పని. ఓక్ చెట్లలో తెల్ల ఓక్‌ను, ఎర్ర ఓక్‌ను వేరుచేసి గుర్తుపట్టడం నేర్చుకోండి. తెల్ల ఓక్ ఆకు అంచులు గుండ్రంగా ఉంటాయి, ఎర్ర ఓక్ ఆకు అంచులు మొనదేలి ఉంటాయి. తెల్ల ఓక్ కాయలో వగరు తక్కువ కాబట్టి అది రాలుతున్నన్ని రోజులు జింకలు మిగతావాటిని వదిలి దానికిందికే వస్తాయి; అవి అయిపోయాక ఎర్ర ఓక్ కాయలవైపు మళ్లుతాయి. ఎర్ర ఓక్ కాయ పండటానికి రెండేళ్లు పడుతుంది కాబట్టి ఈ రెండు రకాల కాపు ఒకే ఏడాది తప్పిపోవడం అరుదు. అడవి అడుగంతా ఒకే రకం ఎండుగడ్డి వాసన వచ్చే ఫెర్న్ పరుచుకుని ఉంటే మాత్రం అక్కడ సమయం వృథా చేయకండి. జింకలు దాన్ని తినవు. అవి తినగలిగినవన్నీ తినేశాక మిగిలింది అదే. పడకల కోసం మౌంటెన్ లారెల్ అనే, ఏడాదంతా ఆకులుండే పొదల గుబుర్లను, ఏడెనిమిదేళ్ల కిందట చెట్లు నరికి వదిలేయగా ముళ్ల పొదలు, లేత మొక్కలు కిక్కిరిసి లేచిన చోట్లను చూడండి.

ఇంతవరకు చెప్పినదంతా సరిగ్గా చేసి, గాలిని మరిచిపోయినవాడు ఖాళీ చేతులతో ఇంటికి వస్తాడు. నేనూ వచ్చాను. అల్లెగెనీ పీఠభూమిలో మొదటిసారి ఒంటరిగా వెళ్లిన ఏడాది వాగు ఒడ్డున బ్రహ్మాండమైన చోటు దొరికిందనుకున్నాను: మూడు దారులు కలిసేచోటు, తాజా పెంటికలు, నేలను గిట్టలతో గీరిన మచ్చ, దానిమీద వాలిన కొమ్మ. మూడు ఉదయాలు కూర్చుంటే మూడుసార్లూ పైనున్న వాలులో జింక బుసకొట్టి పారిపోయిన చప్పుడు తప్ప ఏమీ కనిపించలేదు. తప్పు ఎక్కడ జరిగిందో ఆ తరువాత గ్రహించాను. ఎండ వాలుమీద పడి నేల వేడెక్కగానే గాలి పైకి లేస్తుంది, నా వాసనను మోసుకుని నేరుగా పడకలవైపు వెళ్తుంది. సాయంత్రం నేల చల్లబడితే అదే గాలి నీళ్లలాగా కిందికి దిగి లోయల్లో పోగవుతుంది. కాబట్టి ఎండెక్కాక జింక దారికి పైన, పొద్దు వాలాక దానికి దిగువన ఉండాలన్నది స్థూలమైన సూత్రం. సూర్యోదయానికి ముందు గాలి ఇంకా కిందికే జారుతుంటుందని, వాలులో ఎండ తగిలే వేళ ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంటుందని గుర్తుంచుకోవాలి.

దీనికి తోడు మొత్తంగా వీచే గాలి ఉంటుంది. మన రాష్ట్రంలో అది ఎక్కువగా పడమర, వాయవ్య దిక్కులనుండి వస్తుంది. మగజింక కొండ వెన్నుకు అవతలివైపు, పైనుండి మూడోవంతు దిగువన, గాలి వీపుమీదుగా వచ్చేలా పడుకుంటుంది. వెనకనుండి వచ్చేవాటిని ముక్కుతో, ముందు లోయలో కదిలేవాటిని కంటితో కాపలా కాస్తుంది. అంటే వాయవ్యగాలి రోజుల్లో తూర్పు, ఆగ్నేయ వాలుల పైభాగం అనుమానించదగిన చోటు. మీరు గుర్తుపెట్టుకున్న ప్రతి చుక్క పక్కనా ఏ గాలికి అది పనికొస్తుందో రాసుకోండి.

ఆ పక్కనే మరొకటి కూడా రాసుకోండి: కారునుండి అక్కడికి వెళ్లే దారి. పడకల మీదుగానో మేత చోటు మీదుగానో నడవకుండా, ఆకుల చప్పుడు వినపడకుండా, వాసన వాటివైపు పోకుండా చేరుకోలేని చోటును ఎంత బాగున్నా కొట్టివేయండి. నా లెక్క ప్రకారం పది చుక్కల్లో ఆరేడు ఈ ఒక్క కారణంతోనే పోతాయి. మిగిలిన మూడు నాలుగే మీ మాటులు. వాగు నీళ్లలోనే నడుచుకుంటూ వెళ్లి ఒడ్డెక్కితే చేరే చోటు ఒకటి దొరికితే మీ అదృష్టం.

మీ పాత మిత్రుడు ఆ చెట్టుకిందే ఎందుకు కూర్చోబెట్టారో ఫోన్ చేసి అడగండి. ఆయన చెప్పే కారణాల్లో సగం గాలి గురించే ఉంటాయని నా నమ్మకం.

చివరగా, గుండు ఎక్కడికి పోతుందో చూసుకోవాలి. కనుమలో కూర్చున్నప్పుడు జింక కొండ వెన్నుమీద ఆకాశానికి ఎదురుగా నిలబడితే కాల్చకూడదు; గుండును ఆపే మట్టిగట్టు వెనక ఉన్నప్పుడే కాల్చాలి. మనుషులుండే ఇంటికి 150 గజాల లోపు, అందులో ఉండేవారి అనుమతి లేకుండా, తుపాకీతో వేటాడటం చట్టవిరుద్ధం. విల్లుకైతే ఇది 50 గజాలు. రైఫిల్ కాలంలో తల, ఛాతీ, వీపులమీద కలిపి కనీసం 250 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ రంగు, నాలుగు వైపులనుండి కనిపించేలా ఉండాలి. ఆ రంగు జింకకు మనకు కనిపించినంత ప్రస్ఫుటంగా కనిపించదు కనుక దానివల్ల వేట చెడుతుందన్న భయం అక్కరలేదు. గేమ్ ల్యాండ్స్‌లో చెట్లకు మేకులు కొట్టి మంచె కట్టకూడదు. తీసి మోసుకుపోగలిగినదే వాడాలి, ఎక్కిన క్షణంనుండి దిగేదాకా ఒంటినంతా పట్టి ఉంచే రక్షణ పట్టీ (ఫుల్ బాడీ హార్నెస్) ఉండాలి.

ప్రశ్న: హారిస్‌బర్గ్ దగ్గర ఒక రైతు తన ఎనభై ఎకరాలలో విల్లుతో వేటాడుకోమని మా దంపతులకు అనుమతి ఇచ్చారు. అరవై ఎకరాలు మొక్కజొన్న, సోయా. మిగతాది పొలం చివర ఉన్న అడవి. రోజూ పొద్దుగూకే వేళ పొలంలో జింకలు కనిపిస్తున్నాయని ఆయన అంటున్నారు. పొలం గట్టునే కూర్చుంటే సరిపోతుందా?

జవాబు: గట్టుమీద కూర్చుంటే జింకలు తప్పకుండా కనిపిస్తాయమ్మా. అయితే అవి చాలావరకు చట్టం అనుమతించిన వేళ దాటాక, అంటే సూర్యాస్తమయం అయిన అరగంట తరువాత కనిపిస్తాయి, పైగా మీరు దిగి ఇంటికి వెళ్లే వేళకు పొలమంతా అవే ఉంటాయి. వాటిని చెదరగొట్టకుండా బయటికి రావడానికి దారి ఉండదు. నాలుగు సాయంత్రాలు ఇలా జరిగితే అవి ఆ గట్టును అనుమానించడం నేర్చుకుంటాయి. పొలం అంచునుండి అడవిలోకి యాభై నుండి వంద గజాల దూరంలో, చీకటి పడేదాకా జింకలు ఆగి, అటూ ఇటూ చూస్తూ, ఓక్ కాయలు ఏరుకు తినే చోటు ఒకటి ఉంటుంది. పెంటికలు, తొక్కిన ఆకులు, కొమ్ముల గాట్లు అక్కడే గుమిగూడి ఉంటాయి. మీ మాటు అక్కడ, గాలి పొలంవైపు పోయేలా.

మొక్కజొన్న నిలబడి ఉన్నంతకాలం జింకలు అందులోనే పడుకోగలవు. కోత అయిన మరునాడే మొత్తం లెక్క మారిపోతుంది. కోత ఎప్పుడో రైతును ముందే అడిగి తెలుసుకోండి. అడిగే మాటల్లో హద్దుల సంగతి కూడా చేర్చండి. చెట్లమీద నిలువుగా, కనీసం ఎనిమిది అంగుళాల పొడవున ఊదారంగు గీతలు కనిపిస్తే అది పక్కవారి భూమి, లోపలికి రావద్దని అర్థం. ఫిలడెల్ఫియా, అల్లెగెనీ కౌంటీలు తప్ప పెన్సిల్వేనియా అంతటా ఈ గీతలకు బోర్డుతో సమానమైన చట్టబలం ఉంది. బాణం తగిలిన జింక హద్దు దాటి పడినా యజమానిని అడగకుండా వెళ్లకూడదు. ఆ పక్క రైతు ఇంటికి ముందే ఒకసారి వెళ్లి పరిచయం చేసుకోవడం మర్యాదే కాకుండా పనికొచ్చే జాగ్రత్త కూడా. ఆయన గట్టిగా కాదంటే మాటును హద్దునుండి లోపలికి జరపండి.

ప్రశ్న: నాది హెచ్-1బి వీసా. నేను తుపాకీ పట్టుకోవచ్చునా అని మిత్రులను అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు.

జవాబు: హెచ్-1బి వంటి వలసేతర వీసామీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం జారీచేసిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి అందులోనే మినహాయింపు ఉంది. కాబట్టి వేట శిక్షణ తరగతి, లైసెన్సు ముందు, తుపాకీ తరువాత. మన రాష్ట్రంలో లైసెన్సు జూలై 1 నుండి జూన్ 30 వరకే చెల్లుతుంది. కాలం తీరిన లైసెన్సు ఆ మినహాయింపునూ తనతోనే తీసుకుపోతుందని మరిచిపోకండి. మీ పత్రాలతో ఒక ఇమిగ్రేషన్ న్యాయవాదిని ఒక్కసారి కలవండి. సాధారణ విల్లుకు ఈ నిషేధం వర్తించదు. కొత్తచోటు నేర్చుకునేవారికి విల్లే మంచిదని కూడా నా అభిప్రాయం, ఎందుకంటే ఇరవై గజాలకు రానిచ్చుకోవాలంటే గాలిని, దారిని పట్టించుకోక తప్పదు.

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లానుండి రాస్తున్నాను. మీరు చెప్పే పద్ధతులు మా వైపు అడవుల్లోని జింకలకూ వర్తిస్తాయా?

జవాబు: వేటకు వర్తించవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో చుక్కల దుప్పిని, కణుజును, కృష్ణజింకను వేటాడటం నేరం. పైగా చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. కెమెరాతో చూడటానికి వెళ్తే గాలి గురించి చెప్పినదంతా అక్కడా పనిచేస్తుంది. చుక్కల దుప్పి మందగా, ఎక్కువగా పచ్చికబయళ్ల అంచుల్లో మేస్తుంది కనుక మీ పని ఇక్కడి మా పనికన్నా కొంత తేలిక.

ప్రశ్న: ఒకచోట ఎంతసేపు కూర్చోవాలి? జింక కనిపించకపోతే మాటు మార్చాలా?

జవాబు: కారణం లేకుండా మార్చకండి, కారణం ఉంటే ఆలస్యం చేయకండి. గాలి తిరిగి మీ వాసన పడకలవైపు పోతుంటే ఎంత మంచిచోటైనా ఆ నిమిషమే లేచి, వచ్చిన దారినే వెళ్లిపోవాలి. దీనికోసం నేను జేబులో జిల్లేడు లాంటి మిల్క్‌వీడ్ కాయలోని దూది కొంత ఉంచుకుని పావుగంటకోసారి ఒక పోగును వదిలి, అది ఎటు తేలిపోతోందో కంటితో వెంబడిస్తాను. పొడి చల్లితే పది అడుగుల వరకే తెలుస్తుంది కానీ ఈ పోగు యాభై గజాల అవతల గాలి ఎక్కడ మలుపు తిరుగుతోందో కూడా చూపిస్తుంది.

గాలి సరిగ్గా ఉండి జింక మాత్రమే రాకపోతే, కాలాన్నిబట్టి నిర్ణయించుకోవాలి. అక్టోబరులో ఉదయం రెండు మూడు గంటలు, సాయంత్రం రెండు మూడు గంటలు చాలు. నవంబరు మధ్యలో, ఎదకాలం ఉచ్చస్థితిలో, మగజింకలు ఆడజింకల కోసం పట్టపగలు కూడా తిరుగుతాయి. ఆ పది రోజులు కనుమలో చీకటినుండి చీకటిదాకా కూర్చోవడం వృథా కాదు. రైఫిల్ కాలం తొలిరోజున మాత్రం మీ లెక్క జింకలమీద కాక మనుషులమీద ఉండాలి. కార్లనుండి ఉదయం అడవిలోకి వచ్చేవారు, పదకొండు గంటలకు ఆకలై, చలికి తట్టుకోలేక వెనక్కి నడిచేవారు జింకలను లేపి కదిలిస్తారు. అవి తప్పించుకుపోయే ఇరుకుదారి మీ మ్యాపులో ఇప్పటికే ఒక చుక్కగా ఉంటుంది. అందరికన్నా గంట ముందు అక్కడికి చేరి, మధ్యాహ్న భోజనాన్ని సంచిలోనే తీసుకువెళ్లి, వాళ్లు లేచి వెళ్లే వేళకు మీరు కూర్చునే ఉండండి. ఇంటికి వచ్చాక బట్టలు విప్పి పిడుదుల కోసం ఒళ్లంతా వెతుక్కోండి. ఇక్కడి నల్లకాళ్ల పిడుదులు శరదృతువులోనూ చురుకుగానే ఉంటాయి, లైమ్ వ్యాధిని అంటించేవి అవే.